చిన్న సినిమాకు కావలసింది రెండో వారం

గుజరాతీ సినిమా ‘లాలో - కృష్ణ సదా సహాయతే’ 2025 అక్టోబరు 10న విడుదలైంది. పేరున్న తారలు లేరు, వెనక పెద్ద సంస్థ లేదు, పెట్టిన ఖర్చూ స్వల్పమే. మొదటి మూడు వారాలు అది ఆడుతున్న సంగతి గుజరాత్‌లోనే చాలామందికి తెలియదు. నాలుగో వారంలో జనం కదిలారు. చూసొచ్చినవాళ్లు పక్కింటివాళ్లకు చెప్పారు, వాళ్లు చుట్టాలకు చెప్పారు, హాళ్లు నిండాయి. చివరికి అది వంద కోట్ల రూపాయల వసూళ్లు దాటిన తొలి గుజరాతీ సినిమా అయింది. తెలుగువాళ్లకు ఇది కొత్త కథ కాదు. 1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ విడుదలైనప్పుడు కూడా హాళ్లు దాదాపు ఖాళీగానే ఉన్నాయి. శాస్త్రీయ సంగీతం, నడివయసు దాటిన కథానాయకుడు, ఫైట్లు లేని కథ, ఎవరొస్తారనుకున్నారు. నోటిమాట ఊరూరా పాకడానికి ఎన్నాళ్లు పట్టిందో అన్నాళ్లూ ఆ సినిమా తెర మీద నిలిచింది. అందుకే అది తమిళనాట కూడా తెలుగులోనే ఆడి మెప్పించే స్థాయికి చేరింది. ఈ రెండు సినిమాల మధ్య 45 ఏళ్ల దూరం ఉంది. రెండింటినీ బతికించింది మాత్రం ఒకటే: ఆగి చూసిన థియేటరు.

మల్టీప్లెక్సుల వల్ల ప్రాంతీయ భాషల సినిమాకు మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్న చర్చ పాతికేళ్లుగా నడుస్తోంది. ఆ చర్చ ఎప్పుడూ టికెట్ ధర దగ్గర మొదలై పాప్‌కార్న్ ధర దగ్గర ముగుస్తుంది. మధ్యలో తెరల సంఖ్య కాసేపు వస్తుంది. ధర చిన్న విషయమని అనను. నలుగురున్న కుటుంబం సినిమాకు వెళ్లాలంటే నెల జీతంలోంచి ఎంత తీయాలో లెక్కేసుకునే రోజులివి. కానీ ఒక భాషలో కొత్త దర్శకులు, కొత్త కథలు పుట్టి నిలవాలా వద్దా అన్నది తేల్చేది ధర కాదు, వేళ. ఏ షో దొరికింది, ఎన్ని రోజులు దొరికింది అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబే చిన్న సినిమా జాతకం. ఆ జవాబు ఇవాళ ఎవరో కావాలని చేసిన కుట్ర వల్ల కాకుండా, వ్యాపారం నడిచే పద్ధతి వల్లే చిన్న సినిమాకు వ్యతిరేకంగా వస్తోంది. పద్ధతిని మార్చవచ్చు. అది ప్రభుత్వాల చేతిలోనూ, పరిశ్రమ చేతిలోనూ ఉన్న పని.

మల్టీప్లెక్సులు చేసిన మేలును ముందుగా ఒప్పుకోవాలి. 1997లో ఢిల్లీ సాకేత్‌లో పాత అనుపమ్ థియేటరు పీవీఆర్ అనుపమ్‌గా మారి దేశంలో తొలి మల్టీప్లెక్సు అయింది. 2003లో హైదరాబాద్‌లో ప్రసాద్స్ వచ్చింది. ఎనిమిది వందల సీట్ల హాలును నింపలేని సినిమా నూట యాభై సీట్ల హాలును నింపగలదన్నది వీటి వెనకున్న తర్కం, అది నిజం కూడా అయింది. 2004లో ‘శ్వాస్’తో మళ్లీ తలెత్తిన మరాఠీ సినిమా, 2016లో నాగరాజ్ మంజులే ‘సైరాట్’ నాటికి వంద కోట్ల దాకా వెళ్లింది. ఇద్దరు కొత్త పిల్లలతో, కులం గురించి తీసిన ప్రేమకథ అది. 2012లో ‘కేవీ రీతే జైశ్’తో అభిషేక్ జైన్ మొదలుపెట్టిన కొత్తతరం గుజరాతీ సినిమాకు అహ్మదాబాద్, సూరత్ మల్టీప్లెక్సుల్లోనే ప్రేక్షకులు దొరికారు. మంగళూరు మల్టీప్లెక్సులో తుళు సినిమా ‘చాలి పోలిలు’ ఏడాదికి పైగా ఆడింది. మన దగ్గర 2016లో ‘పెళ్లిచూపులు’ కొద్ది తెరలతో మొదలై మౌత్ టాక్‌తో పెరిగింది. 2024లో ‘ప్రేమలు’ తెలుగులోకి డబ్ కాకముందే హైదరాబాద్‌లో మలయాళంలోనే చూసినవాళ్లున్నారు. ఒక నగరంలో ఐదారు భాషల సినిమాలు ఒకేరోజు, ఒకే కప్పు కింద ఆడటం పాత థియేటర్ల కాలంలో ఊహకందని విషయం. వలసవెళ్లినవాళ్లకు తమ భాష తెర మీద వినిపించడం ఎంత పెద్ద సంగతో బెంగళూరు, పుణె, చెన్నైలలోని తెలుగువాళ్లను అడిగితే తెలుస్తుంది.

ఈ మేలు అన్ని భాషలకూ సమంగా అందలేదన్నదీ నిజమే. భోజ్‌పురి సినిమా 2004 తర్వాత ఒక్కసారిగా ఎదిగింది మల్టీప్లెక్సుల్లో కాదు, నగరాల వైపు తిరిగిన హిందీ సినిమా వదిలేసిపోయిన పాత సింగిల్ స్క్రీన్లలో. ఆ హాళ్లు మూతపడుతున్నకొద్దీ దాని మార్కెట్టూ కుంచించుకుపోయింది. దేశం మొత్తం మీద తెరలు పది వేలకు మించవు. జనాభాతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఉన్న కొద్ది తెరల్లోనూ పాత హాళ్లు తగ్గుతూ, మాల్‌లోని తెరలు పెరుగుతున్నాయి. 2023 ఫిబ్రవరిలో పీవీఆర్, ఐనాక్స్ విలీనమయ్యాక దాదాపు 1,700 తెరలు ఒకే సంస్థ చేతికి వచ్చాయి. అన్ని తెరల్లో ఏ సినిమాకు ఏ వేళ ఇవ్వాలన్నది ఒక్క సంస్థ తేల్చగలగడం ఈ దేశంలో ఇంతకుముందెన్నడూ లేదు.

అసలు మార్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. రీలు ప్రింట్ల కాలంలో ఒక్కో ప్రింటుకు బోలెడు ఖర్చయ్యేది. అందుకే ఎంత పెద్ద హీరో సినిమా అయినా పరిమితమైన ప్రింట్లతోనే విడుదలయ్యేది. ముందు పెద్ద ఊళ్లు, తర్వాత తాలూకా కేంద్రాలు, ఆ తర్వాత టూరింగ్ టాకీసులు. పెద్ద సినిమా ఒక ఊళ్లో ఒకటి రెండు హాళ్లు తీసుకుంటే, మిగతా హాళ్లలో మిగతా సినిమాలు ఆడేవి. డిజిటల్ వచ్చాక ప్రింటు అన్న అడ్డుకట్టే పోయింది. ఒకే రోజు వేల తెరల మీద ఒకే సినిమా వేయవచ్చు. ఆరు తెరల మల్టీప్లెక్సులో పెద్ద సినిమా పడిన శుక్రవారం నాడు ఐదు తెరలు దానికే పోతాయి, అరగంటకొక షో. చిన్న సినిమా కోసమని కట్టిన నూట యాభై సీట్ల హాలు కూడా ఆ రోజు పెద్ద సినిమాదే. ఏడాది పొడవునా ఆడే సినిమాలు పోయి, మూడు రోజుల్లో తేలిపోయే సినిమాలు వచ్చాయి. ఓపెనింగ్స్ ఉంటే సినిమా, లేకపోతే లేదు. ఓపెనింగ్స్ తారలకు వస్తాయి, పేరు లేని కథకు రావు. ఆ కథకు రావలసిన ప్రేక్షకుడు శుక్రవారం కాదు, తర్వాతి బుధవారం వస్తాడు. బుధవారానికి షోలు సగమవుతాయి, మిగిలినవి పొద్దున పదింటికో, రాత్రి పదిన్నరకో ఉంటాయి. ఉద్యోగాలున్నవాళ్లు, పిల్లలున్నవాళ్లు ఆ వేళల్లో రాలేరు. వాళ్లు రాలేదు కాబట్టి శుక్రవారానికి సినిమాను ఎత్తేస్తారు. సీట్లు నిండలేదన్న లెక్క సరైనదే. ఆ సీట్లు ఏ వేళవి అన్నది ఆ లెక్కలో ఉండదు.

డబ్బు పంచుకునే తీరు కూడా ఇదే దిశలో నెడుతోంది. 2009లో హిందీ నిర్మాతలు మల్టీప్లెక్సులకు రెండు నెలలు కొత్త సినిమాలివ్వకుండా ఆపారు. ఆ తగాదా జూన్‌లో ఒక ఒప్పందంతో ముగిసింది: నికర వసూళ్లలో నిర్మాత వైపు వాటా మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆపైన 30. తెలుగుతో సహా ఇతర భాషల్లోనూ వారం వారానికి తగ్గే ఈ పద్ధతే స్థిరపడింది, అంకెల్లో తేడాలున్నా. మొదటి వారంలో జనమంతా వచ్చే సినిమాకు ఇది లాభం. నాలుగో వారంలో జనం వచ్చే సినిమాకు? ‘లాలో’ లాంటి సినిమా మీద ఈ లెక్క వేసి చూడండి. జనం లేని వారంలో సగం వాటా, హాలు నిండిన వారంలో 30 శాతం. పాత హాళ్లలో పరిస్థితి ఇంకోలా కష్టం. మన రెండు రాష్ట్రాల సింగిల్ స్క్రీన్లలో చాలాచోట్ల వారానికింత అని అద్దె పద్ధతి. సీట్లు నిండినా, నిండకపోయినా అద్దె కట్టాల్సిందే. చిన్న సినిమా డిస్ట్రిబ్యూటరు సోమవారం దాకా చూసి, నష్టం తగ్గించుకుందామని తనే సినిమాను తీయించేస్తాడు. 2025 మే నెలలో ఎగ్జిబిటర్లు తమకూ పర్సెంటేజీ ఇవ్వాలని, లేకుంటే జూన్ నుంచి హాళ్లు మూసేస్తామని గట్టిగా అడిగారు. ఆ గొడవంతా పెద్ద సినిమాల వసూళ్ల చుట్టూనే తిరిగింది. అద్దె పద్ధతి వల్ల రెండో వారం చూడకుండానే పోయిన చిన్న సినిమాల ఊసు అందులో పెద్దగా వినిపించలేదు.

2024 సంక్రాంతిని గుర్తుచేసుకుంటే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. జనవరి 12న ‘గుంటూరు కారం’, ‘హనుమాన్’ ఒకే రోజు వచ్చాయి. ఒకటి అగ్ర కథానాయకుడిది, ఇంకొకటి యువ నటుడిది. నైజాంలో, ముఖ్యంగా హైదరాబాద్‌లో రెండో దానికి దక్కిన హాళ్లు చాలా తక్కువ. ఇస్తామన్న థియేటర్లు ఇవ్వలేదన్న ఫిర్యాదు నిర్మాతల మండలి దాకా వెళ్లింది. టాక్ బయటికి వచ్చాక తెరలు పెరిగాయి, ఆ ఏటి పెద్ద విజయాల్లో ‘హనుమాన్’ ఒకటైంది. మంచి సినిమాకు దారి దొరుకుతుందని చెప్పడానికి చాలామంది ఈ ఉదాహరణే ఎత్తుకుంటారు. నాకు అందులో వేరే విషయం కనిపిస్తుంది. ‘హనుమాన్’కు పండగ వారం మొత్తం జనంలో నలిగిన పేరుంది, గ్రాఫిక్స్ ఉన్నాయి, దేవుడి కథ ఉంది, ఉత్తరాదిన విడుదల ఉంది. అన్నీ ఉన్న సినిమాయే తెరల కోసం అంత పెనుగులాడితే, విశాఖలో ఒక పేట మనుషుల గురించి తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ లాంటి సినిమాకు ఏ బలం ఉంటుంది? 2018లో దాన్ని పేరున్నవాళ్లు సమర్పించబట్టి అది జనం ముందుకు రాగలిగింది. సమర్పించేవాళ్లు దొరకని సినిమాలు మన జ్ఞాపకంలో కూడా లేవు, ఎందుకంటే అవి ఆడిన నాలుగు రోజుల్లో మనం వాటిని చూడలేదు. గెలిచిన సినిమాలను చూపి పద్ధతి బాగుందనడంలోని లోపం ఇక్కడే ఉంది.

ప్రభుత్వాలు ఈ సమస్యను ధర వైపు నుంచే చూస్తూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్‌లో జీవో 35తో ఊళ్లలో ఐదు రూపాయల టికెట్ దాకా దించింది, వివాదం ముదిరాక 2022 మార్చిలో జీవో 13తో సవరించింది. కర్ణాటక 2017లో ఒకసారి, 2025లో మరోసారి మల్టీప్లెక్సు టికెట్‌కు 200 రూపాయల పరిమితి పెట్టబోయింది. రెండోసారి పెట్టిన నిబంధన మీద సెప్టెంబరులో హైకోర్టు స్టే ఇచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కేంద్రం వంద రూపాయల లోపు టికెట్ల మీద జీఎస్‌టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించింది. ఇవన్నీ ప్రేక్షకుడికి ఊరటే. కానీ ధర తగ్గిస్తే ముందుగా నిండేది పెద్ద సినిమా హాలు. తెర మీద లేని సినిమాకు టికెట్ ఎంత చౌకైతే ఏం ప్రయోజనం? వేళను పట్టించుకున్నది మహారాష్ట్ర. 2015 ఏప్రిల్‌లో మల్టీప్లెక్సులు సాయంత్రం 6 నుంచి 9 మధ్య మరాఠీ సినిమా వేయాల్సిందేనని ప్రకటించింది, వ్యతిరేకత వచ్చాక మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 మధ్య అని సడలించింది. ఆ సడలింపుతో నిబంధన సగం ప్రాణం పోయింది; మరాఠీ నిర్మాతలకు మంచి షోల కోసం పోరాటం ఇప్పటికీ తప్పలేదు. ఆంధ్రప్రదేశ్ జీవో 13లోనూ ఒక మంచి ముక్క ఉంది. రోజుకు ఐదు షోలు వేసుకోవచ్చు, అందులో ఒకటి 20 కోట్ల లోపు బడ్జెట్ సినిమాకు ఇవ్వాలి. ఆలోచన సరైనదే. అయితే పెద్ద సినిమాలకు టికెట్ పెంపు, అదనపు షోలు ఇస్తూ ప్రభుత్వాలు ఒక్కో సినిమాకు ఒక్కో ఉత్తర్వు ఇస్తున్న శ్రద్ధ, ఈ ఐదో షో అమలు మీద ఎన్నడూ కనిపించలేదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. నాలుగు, అంతకుమించి తెరలున్న ప్రతి మల్టీప్లెక్సులో రోజుకు ఒక షో, సాయంత్రం 5 నుంచి 8 మధ్య మొదలయ్యేది, ఆ రాష్ట్ర భాషలో వచ్చిన చిన్న సినిమాకు పద్నాలుగు రోజులు ఖాయంగా ఇవ్వాలి. మల్టీప్లెక్సులోని అతి చిన్న హాలు చాలు. ఏది చిన్న సినిమా అన్నది బడ్జెట్‌ను బట్టి తేల్చకూడదు, ఎందుకంటే బడ్జెట్ కాగితం మీద ఎంతైనా రాసుకోవచ్చు. మొదటి రోజు ఎన్ని తెరల మీద విడుదలైందో దాన్ని బట్టి తేల్చాలి, ఆ లెక్క దాచలేనిది. సినిమాను ఎత్తేయాలా వద్దా అన్నది రెండో ఆదివారం తర్వాతే నిర్ణయించాలి. ఈ రెండు వారాలూ నిర్మాత వాటా సగం దగ్గరే ఉండాలి, రెండో వారానికి తగ్గకూడదు. ఆరు తెరల్లో రోజుకు ఐదేసి షోలు వేస్తే ముప్పై షోలు. అందులో అడుగుతున్నది ఒక్కటి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం థియేటర్లవాళ్లది: ఖాళీ సీట్లకు ఏసీ ఎవరు వేస్తారు, మాల్ అద్దె ఎవరు కడతారు? ఇది న్యాయమైన ప్రశ్న. కరోనా కాలంలో వాళ్లు ఎంత నష్టపోయారో అందరికీ తెలుసు. కానీ మల్టీప్లెక్సు బతికేది టికెట్ మీద మాత్రమే కాదు. అతిపెద్ద సంస్థకు దాదాపు మూడో వంతు ఆదాయం తినుబండారాల నుంచి వస్తుంది, ప్రకటనల డబ్బు వేరు. ఈ రెండింటిలో నిర్మాతకు వాటా లేదు. పైగా థియేటర్ల అసలు కష్టం పెద్ద సినిమా వచ్చిన వారంలో లేదు, అది రాని వారాల్లో ఉంది. 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు జనం లేక పది రోజులు మూసుకున్నాయి. అగ్ర తారలు రెండు మూడేళ్లకొక సినిమా చేస్తున్నప్పుడు, ఏడాదిలో మిగిలిన నలభై వారాలు హాలును నడపాల్సింది చిన్న, మధ్య తరహా సినిమాలే. వాటికి ప్రేక్షకుడిని అలవాటు చేయకుండా, సాయంత్రపు షో ఇవ్వకుండా, జనం థియేటర్లకు రావడం మానేశారని వాపోతే లాభం లేదు. ఆ షో మీద వచ్చే నష్టానికి మొదట్లో ప్రభుత్వం కొంత జీఎస్‌టీ వాటా వెనక్కిస్తే తప్పు లేదు. తొలిరోజుల్లో ఎన్నో రాష్ట్రాలు వినోదపు పన్ను మినహాయింపులిచ్చి మల్టీప్లెక్సులను నిలబెట్టాయి.

నా హాల్లో ఏం వేయాలో చెప్పడానికి ప్రభుత్వమెవరు అన్నది రెండో అభ్యంతరం. ఈ దేశంలో థియేటర్లు సినిమాటోగ్రాఫ్ చట్టం కింద దశాబ్దాల పాటు ప్రతి షోకు ముందు ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీలో, డాక్యుమెంటరీయో వేశాయి. ఆ నిబంధనను 1999లో సుప్రీంకోర్టు సమర్థించింది. సినిమా హాళ్ల లైసెన్సు రాష్ట్రాల పరిధిలోది. రోజుకు ఎన్ని షోలు, ఎన్ని గంటలకు అన్నది ఇప్పటికే ఉత్తర్వులతో నిర్ణయమవుతోంది. అలాంటప్పుడు ఆ అధికారాన్ని చిన్న సినిమా కోసం ఒక్క షో మేరకు వాడటం కొత్త జోక్యమేమీ కాదు.

నాసిరకం సినిమాలకు దొడ్డిదారి తెరిచినట్టవుతుందన్న మాటలో నిజం ఉంది. అవుతుంది కూడా. అందుకే రెండు వారాలే అడుగుతున్నాను, వంద రోజులు కాదు. చెత్త సినిమా రెండో ఆదివారానికి తనంతట తాను పోతుంది. మంచి సినిమా మొదటి సోమవారమే పోవడం కంటే ఆ నష్టం చిన్నది.

మనకు కాస్త ఇబ్బందిగా ఉండే ప్రశ్న ఇంకొకటుంది. తెలుగు ఇప్పుడు చిన్న భాషా? ‘బాహుబలి’, ‘ఆర్ఆర్ఆర్’, ‘పుష్ప’ తర్వాత దేశమంతా మన సినిమా వైపు చూస్తోంది. పండగ వారంలో బెంగళూరు మల్టీప్లెక్సుల్లో తెలుగు పెద్ద సినిమా వరసగా తెరలు తీసుకుంటే, ఆ ఊళ్లోనే కన్నడ చిన్న సినిమాకు షో దొరకదు. కన్నడిగుల కోపంలో న్యాయం ఉంది. ఇక్కడ తెలుగు చిన్న సినిమాకు అడుగుతున్న రక్షణ అక్కడ కన్నడ సినిమాకూ, చెన్నైలో తమిళ సినిమాకూ, ముంబైలో మరాఠీకీ అంతే వర్తించాలి, దానివల్ల మన పెద్ద సినిమా బెంగళూరులో రోజుకొక షో పోగొట్టుకున్నా సరే. ఇక్కడ ఒక మాట, అక్కడ ఒక మాట మాట్లాడితే ఈ వాదనకు విలువ ఉండదు. 2022 నవంబరులో సంక్రాంతికి డబ్బింగ్ సినిమాల కంటే తెలుగు సినిమాలకే ముందు హాళ్లివ్వాలని మన నిర్మాతల మండలి కోరినప్పుడు తమిళనాడు నుంచి వచ్చిన కోపం గుర్తుందిగా. ఆ కోరికలో లోపం భాషాభిమానం కాదు. అది పెద్ద తెలుగు సినిమాకూ చిన్న తెలుగు సినిమాకూ తేడా చూపలేదు.

ఇక చివరిగా ఓటీటీ. చిన్న సినిమా ఫోనులోనో టీవీలోనో దొరుకుతున్నప్పుడు థియేటరు ఎందుకని అడిగేవాళ్లు చాలామంది. ఓటీటీలు కూడా థియేటర్లో ఆడిన తీరును బట్టే ధర కడుతున్నాయన్నది వ్యాపారం తెలిసినవాళ్లకు తెలిసిందే. నాలుగు రోజుల్లో ఎత్తేసిన సినిమాకు అక్కడా గిట్టుబాటు రాదు. కానీ అంతకంటే బలమైన జవాబు 2023లో తెలంగాణ పల్లెలు ఇచ్చాయి. వేణు యెల్దండి ‘బలగం’ మార్చిలో విడుదలై థియేటర్లలో ఆడింది, నెల తిరక్కముందే ఓటీటీలోకి వచ్చింది. ఇంట్లో కూర్చుని చూడొచ్చు. అయినా ఊరికి ఊరు పంచాయతీ ముందో, బడి ఆవరణలోనో తెర కట్టుకుంది. పొద్దంతా పనులు చేసుకుని, చీకటి పడ్డాక, తిండి తిని, అందరికీ వీలైన వేళ చూసుకుని, పిల్లల్నీ ముసలివాళ్లనీ వెంటబెట్టుకుని వచ్చి నేల మీద కూర్చున్నారు. పాట వచ్చే చోట కలిసి ఏడ్చారు.